వాహన భారపరిమితులు: పరదేశపు నివాసవాహనము, కడప సీమ దారులు

వాహన భారపరిమితి యనగా, ఒక మోటారు వాహనము తన దేహమును, తనయందు ఎక్కిన మనుష్యులను, సరకును, ఇంధనమును, నీటిని కలుపుకొని రహదారిపై ఎంత బరువుతో సురక్షితముగను శాసనసమ్మతముగను సంచరింపవచ్చునో తెలుపునట్టి సంఖ్య. లోకవ్యవహారమున దీనిని ఒకే సంఖ్యగా భావించుట పరిపాటియైనను, వాస్తవమున ఇది పెక్కు సంఖ్యల సముదాయము: వాహనము మొత్తమునకు ఒక పరిమితి, ఒక్కొక్క ఇరుసునకు ఒక పరిమితి, ఒక్కొక్క టైరునకు ఒక పరిమితి, వెనుక మరియొక బండిని లాగినచో ఆ రెంటికిని కలిపి ఇంకొక పరిమితి. వీనిలో ఏ ఒక్కటి మీరినను మిగిలినవన్నియు లోబడియుండుట వలన కలుగు రక్షణ ఏమియు లేదు. ఇంజను శక్తితో ఈ పరిమితికి ప్రత్యక్ష సంబంధము లేదన్న మాట మొదటనే చెప్పవలసియున్నది. ఏలయన, బండి లాగుచున్నది గనుక బరువు సరిపోయినదని తలచుటయే ఈ విషయమున మిక్కిలి వ్యాప్తినొందిన భ్రమ. లాగుట ఇంజను పని. మోయుట ఛాసిస్, కమాను పట్టీలు, ఇరుసులు, టైర్లు చేయు పని. నిలుపుట బ్రేకుల పని. పరిమితిని నిర్ణయించునది ఈ చివరి రెంటిలో బలహీనమైనది.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి ఈ విషయము గ్రంథములనుండి నేర్వవలసినది కాదు. లారీ యజమానులును, డ్రైవర్లును దీనిని 'పాసింగ్' అను ఒక్క మాటతో వ్యవహరింతురు. ఈ బండి పాసింగ్ ఎంత యని అడిగినచో, రిజిస్ట్రేషను పత్రము ననుసరించి ఎంత సరకు ఎక్కింపవచ్చునని అర్థము. ఎర్రగుంట్ల, చిలంకూరు, జమ్మలమడుగు పరిసరములందలి సిమెంటు కర్మాగారములనుండి వెడలు బస్తాల లారీలును, ముద్దనూరు సమీపమునందలి రాయలసీమ తాప విద్యుత్కేంద్రమునకు సంబంధించిన బండ్లును, నాపరాతి గనులనుండి బండలు మోయు ట్రాక్టర్లును నిత్యము సంచరించు ఈ సీమలో, బండి తూకమును తెలుపు కాటా చీటీ యనునది రేషను కార్డువలె సుపరిచితమైన పత్రము. బరువులేని లోడు, బరువైన లోడు అను భేదము కూడ ఇక్కడ ప్రత్యక్షముగా కానవచ్చును. పులివెందుల తోటల అరటిగెలలను, చీనీకాయలను ఎక్కించు లారీకి తరచుగా బాడీ నిండిన తరువాతనే పాసింగ్ నిండును. నాపరాయి ఎక్కించు లారీకి బాడీ సగమైనను నిండకమునుపే పాసింగ్ తీరిపోవును.

నాపరాతి సంగతి కొంత విస్తరించి చెప్పుట అవసరము, ఏలయన భారగణితమునకు ఇంతకన్న చక్కని పాఠము ఈ సీమలో మరియొకటి లేదు. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త ఈ ప్రాంతపు శిలలను వర్ణించుచు ఒక శిలావర్గమునకు జమ్మలమడుగు పేరే పెట్టెను; ఆ వర్గమునందలి నార్జి సున్నపురాయియే దేశమంతట 'కడప బండ' యను పేరుతో ఇండ్లలోను, వంటగదుల గట్లపైనను పరువబడుచున్న నల్లని రాయి. దీని సాంద్రత ఘనమీటరుకు సుమారు 2.6 నుండి 2.7 టన్నులు. అనగా అంగుళము మందము, చదరపు అడుగు వైశాల్యము గల ముక్క ఆరుంబాతిక కిలోల దగ్గర తూగును. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, అంగుళమున్నర మందము గల బండ డెబ్బదియైదు కిలోలగును. దానిని ఇద్దరు కూలీలు ఎత్తి నిలువుగా పేర్చునపుడు, లారీ బాడీలో ఎన్ని బండల తరువాత చేయి ఆపవలెనో మేస్త్రీకి కంఠస్థము. వానచినుకులలో తడిసిన సరకునకును, ఎండిన సరకునకును భేదము చూచువారును గలరు. ఈ మేస్త్రీ యెరిగిన విద్యయే, విదేశమునుండి దిగుమతియైన ఒక నివాసవాహనమునకు యజమానియైనవాడు నేర్వవలసిన విద్య.

నివాసవాహనము, అనగా లోకమున క్యాంపర్ వ్యాను లేక కారవాను అనబడునది, పడక, వంటగట్టు, నీటితొట్టి, కూర్చుండు బల్లలు అమర్చుకొని ప్రయాణమునే నివాసముగా చేసికొను వాహనము. జర్మనీదేశమున ఫోక్స్‌వాగన్ టైప్ 2 వ్యాను 1950లో మార్కెట్టునకు రాగా, మరుసటి యేడు వెస్ట్‌ఫాలియా సంస్థ దానిలో అమర్చుటకు విప్పుకొని తీయదగిన పెట్టెలను, పడకలను తయారుచేయుటతో ఈ జాతి వాహనములకు లోకప్రసిద్ధి కలిగినది. నేడు ఐరోపాలో అత్యధిక భాగము ఫియట్ డుకాటో వంటి వ్యాన్ల ఛాసిస్‌లపై నిర్మింపబడుచున్నవి; అమెరికాలో ఫోర్డు ఇ-450 వంటి బరువైన ఛాసిస్‌లపై గదులవలె పెద్ద పెట్టెలు కట్టబడుచున్నవి; మన దేశమున ఫోర్స్ ట్రావెలర్ వంటి వ్యాన్లను మార్చి కట్టుట వాడుకలో నున్నది.

తెలుగువారికి ఈ విధమైన వాహనము పరిచయమైనది విహారము కొరకు కాదు, ప్రచారము కొరకు. 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు పాత షెవ్రొలే వ్యానునొకదానిని మార్పించి, 'చైతన్యరథము' అని పేరిడి, ఆ యేడును 1983 జనవరి ఎన్నికల వరకును దానిపై ఆంధ్రప్రదేశ్ నలుమూలల పర్యటించెను. కుమారుడు హరికృష్ణ దానిని నడిపెను. అమెరికా దేశపు కంపెనీ పేరుగల ఆ వ్యాను లోపల విశ్రాంతిస్థలము, పైకప్పున ఉపన్యాసవేదికయు ఒకేచోట నుండుట నాటి ప్రజలకు అపూర్వదృశ్యము. భారశాస్త్రదృష్టితో చూచినచో, ఇట్టి వాహనమునందు గమనింపవలసినది కప్పుపై నిలిచిన మనుష్యుల బరువు. లోపల నేలమీద కూర్చున్న మనిషియు, కప్పుపై నిలిచిన మనిషియు తూకమున సమానమే. కాని కప్పుపై బరువు వాహనపు గురుత్వకేంద్రమును పైకి జరుపును. మలుపునందు వాహనము ఒరుగుటకు అదియే హేతువు. పైకప్పు భారమునకు తయారీదారు వేరుగా ఒక పరిమితిని విధించుటకు కారణమిదియే. అది వ్యానునుబట్టి మారుచుండును. ఆ పరిమితిని, మొత్తము పరిమితిలో అంతర్భాగముగనే లెక్కింపవలయును గాని దానికి అదనముగా కాదు.

ఇక చట్టము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ఈ విషయమున వాడు పదములను స్పష్టముగా నిర్వచించినది. ఖాళీ బరువనగా, వాహనము పనిచేయునపుడు సాధారణముగా దానితోనుండు పరికరములన్నింటితో కూడిన బరువు. డ్రైవరు బరువును, క్లీనరు బరువును ఇందు చేర్చరాదు. మొత్తము బరువనగా, వాహనమును దానిపై లోడును కలిపి రిజిస్ట్రేషను అధికారి అనుమతించి నమోదు చేసిన బరువు. ఇరుసుభారమనగా, ఒక ఇరుసునకు అమర్చిన చక్రములన్నియు కలిసి నేలపై మోపు బరువు. మొత్తము బరువు 7,500 కిలోలకు మించనిచో అది తేలికరకపు వాహనము, 12,000 కిలోలు మించిన సరకువాహనము బరువైనది, నడిమివి మధ్యరకము. తేలికరకపు వాహనమునకు లైసెన్సు గలవాడు 7,500 కిలోలలోపు రవాణావాహనమును నడుపవచ్చునా యను వివాదమును సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6న పరిష్కరించి, నడుపవచ్చునని తీర్పుచెప్పినది. నివాసవాహనపు యజమానికి ఈ 7,500 సంఖ్య ముఖ్యమైనది. అమెరికా దేశపు ఫోర్డు ఇ-450 ఛాసిస్‌పై గట్టిన వాహనపు మొత్తము బరువు 14,500 పౌండ్లు, అనగా సుమారు 6,577 కిలోలు. చూపునకు బస్సంత కనబడినను తూకమున అది తేలికరకపు వాహనమే. దానికన్న పెద్దవైన బస్సురకపు నివాసవాహనములు ఆ గీతను దాటిపోవును.

చట్టపు 113వ సెక్షను రిజిస్ట్రేషను పత్రమున నమోదైన బరువునకు మించి వాహనమును నడుపుటను నిషేధించుచున్నది. 114వ సెక్షను, తూకము వేయించుటకై ముందుదారిలో పది కిలోమీటర్లలోపు కాటా యున్నచో అచ్చటికి బండిని తీసికొనిపోవలెనని ఆజ్ఞాపించు అధికారమును తనిఖీ అధికారికి ఇచ్చుచున్నది. 194వ సెక్షను క్రింద జుల్మానా 2019 సెప్టెంబరు 1 నుండి ఇరువది వేల రూపాయలును, అదనపు టన్నొకటికి రెండువేల చొప్పునను, అదనపు లోడును దింపించు ఖర్చును. పల్లెలలో నేటికిని 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అనబడు మోటారు వాహన తనిఖీ అధికారి దారిలో నిలిపినచో నాపరాయి లారీ డ్రైవరు మొట్టమొదట చూపునది కాటా చీటీయే.

ఇరుసుభారముపై ఇంత పట్టుదల ఏల యను ప్రశ్నకు సమాధానము రోడ్డునందున్నది. 1958 మొదలు 1960 వరకు అమెరికాదేశమున ఇల్లినాయి రాష్ట్రపు ఆటవా పట్టణము చెంత, రోడ్డు అధికారుల సంఘము ప్రత్యేకముగా వేసిన దారులపై లారీలను రేయింబవళ్లు తిప్పి ఒక పరీక్ష జరిపినది. ఆ పరీక్షవలన తేలిన సత్యమేమనగా, రోడ్డునకు కలుగు హాని ఇరుసుభారముతో సమానముగా కాక, ఇంచుమించు దాని నాలుగవ ఘాతముతో పెరుగును. ఒక ఇరుసు మోయవలసినదానికన్న నాలుగవవంతు అధికముగా మోసినచో హాని సుమారు రెండున్నర రెట్లగును. సగము అధికముగా మోసినచో అయిదు రెట్లు. రెండింతలు మోసినచో పదునారు రెట్లు. వర్షాకాలము వెళ్లిన తరువాత సిమెంటు కర్మాగారములకు పోవు దారులపై గుంతలు పడుటను చూచి కాంట్రాక్టరును నిందించువారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడదగును. 2018 జూలై 16న కేంద్రప్రభుత్వము ఇరుసుభారములను పెంచి, నాలుగు టైర్ల ఒంటి ఇరుసునకు 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకును, రెండు ఇరుసుల లారీకి మొత్తము 16.2 నుండి 18.5 టన్నులకును అనుమతినిచ్చినది. దీనివలన పాత లారీల పాసింగ్ కాగితముపై పెరిగినదే గాని, వాటి కమాను పట్టీలకు కొత్త ఉక్కు చేరలేదన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయము. నిర్మాతలు తమ వాహనములకు ప్రకటించు సాంకేతిక పరిమితియు, ప్రభుత్వమనుమతించు శాసన పరిమితియు వేర్వేరు. ఈ రెంటిలో తక్కువదానినే ఎల్లప్పుడును పాటింపవలెను.

దిగుమతి వాహనము విషయమున చిక్కు మాటలలోనే ఆరంభమగును. ఖాళీ బరువు అను ఒకే భావమునకు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క లెక్క. మన చట్టము డ్రైవరును విడిచిపెట్టును. ఐరోపా నియమము, ప్రయాణసిద్ధమైన వాహనపు బరువులో డెబ్బదియైదు కిలోల డ్రైవరును, తొంబదిశాతము నిండిన ఇంధనపు తొట్టిని చేర్చును. అమెరికా లెక్కలో ఇంధనము, నూనెలు నిండుగా నుండును, మనుష్యులు మాత్రము ఉండరు. ఆ మనుష్యులను తరువాత ఒక్కొక్కరికి నూటయేబది పౌండ్ల చొప్పున, అనగా అరువదెనిమిది కిలోల చొప్పున లెక్కింతురు. జపానుదేశమున ఒక్కొక్క ప్రయాణికుని బరువు యేబదియైదు కిలోలుగా పరిగణింపబడును. అందుచేత జపాను పత్రమును చూచి ఆరుగురు ఎక్కవచ్చునని సంతోషించిన కుటుంబము, ఆరుగురు పెద్దవారు నిజముగా ఎక్కినచో, ఒక్క మనుష్యుల తూకములోనే నూరు కిలోలకు దగ్గరగా పత్రపు లెక్కను దాటిపోవచ్చును.

కొలమానములలో సైతము ఇట్టి మోసమే కలదు. ఒక పౌండు 0.4536 కిలోగ్రాము. అమెరికా టన్ను 2,000 పౌండ్లు, అనగా 907 కిలోలు. పాత బ్రిటిషు టన్ను 2,240 పౌండ్లు, అనగా 1,016 కిలోలు. మనకు వ్యవహారమందున్న మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. మన పూర్వులకు ఇట్టి చిక్కు క్రొత్తది కాదు: నూటయిరువది తులముల వీశె, ఎనిమిది వీశెల మణుగు, ఇరువది మణుగుల బారువ అను లెక్కలు 1958లో దశాంశ తూకములు ప్రవేశపెట్టబడిన తరువాత సైతము చాలకాలము ప్రత్తి, వేరుసెనగ వ్యాపారుల నోట నిలిచియే యుండెను. తులమునకు 11.66 గ్రాములని తడుముకొనక చెప్పగల ప్రొద్దుటూరు బంగారపు అంగళ్ల వర్తకునకు, పౌండ్లను కిలోలుగా మార్చుట యొక గడ్డు సమస్య కానేరదు; మార్పవలెనన్న స్పృహ కలుగుటయే కావలసినది.

విదేశపు వాహనమున ఈ సంఖ్యలు ఎచట నుండును? ఐరోపా వాహనమునందు తలుపు పక్కనో, ఇంజను గదిలోనో ఒక రేకుపై నాలుగు బరువులు వరుసగా చెక్కబడియుండును: మొదటిది వాహనపు మొత్తము పరిమితి, రెండవది వెనుక లాగు బండితో కలిపిన పరిమితి, మూడవది ముందు ఇరుసు పరిమితి, నాలుగవది వెనుక ఇరుసు పరిమితి. అమెరికా వాహనమున డ్రైవరు తలుపు చట్రమునకు అంటించిన పట్టీపై మొత్తము పరిమితియు, ఇరుసుల పరిమితులును ఉండును. దానికి తోడుగా వేరొక పట్టీపై మనుష్యులు, సామాను కలిసి ఎంత మించరాదో చెప్పబడియుండును. ఈ రేకులను చదివినవారికి ఒక వింత తోచును: 3,500 కిలోల వ్యానుకు ముందు ఇరుసుపై 1,850, వెనుక ఇరుసుపై 2,000 కిలోలు అనుమతింపబడుట కలదు, రెండును కలిపిన 3,850. ఆ అదనపు 350 కిలోలను మోయవచ్చునని దీని అర్థము కాదు. లోడు ఎన్నడును రెండిరుసులకు సరిగా పంచబడదు గనుక, ఏదో ఒకవైపు మొగ్గుటకు ఇచ్చిన వెసులుబాటు మాత్రమే అది.

ఇప్పుడు ఒక ఉదాహరణమును ఊహింతము. ఐరోపా నియమము ప్రకారము ప్రయాణసిద్ధమైన బరువు 2,950 కిలోలు, మొత్తము పరిమితి 3,500 కిలోలు గల ఒక నివాసవాహనము పులివెందులలోని ఒక కుటుంబమునకు దక్కినదనుకొందము. మిగిలినది 550 కిలోలు. డ్రైవరు లెక్కలో ఉన్నాడు గనుక, తక్కిన ముగ్గురు పెద్దలకు డెబ్బది చొప్పున 210 పోగా 340 నిలుచును. పక్కన చాపు పందిరిగుడ్డకు ముప్పది, సూర్యఫలకములకు రెండవ బ్యాటరీకి కలిపి ఎనుబది, రాయలసీమ వేసవిలో లేనిదే గడవని కప్పు ఏసీకి ముప్పదియైదు, నిండు గ్యాసు సిలిండరునకు, 14.2 కిలోల గ్యాసును ఉక్కు బరువును కలిపి, ముప్పది తీసివేయగా 165. బట్టలు, పాత్రలు, బియ్యము, పప్పులు, పరుపులు మనిషికి ఇరువదియైదు చొప్పున నూరు. మిగిలినది 65. వెనుక తగిలించిన కొక్కెము, రెండు సైకిళ్లు నలుబది. మిగిలినది 25. ఇంతవరకు లెక్క సరిగానే యున్నది. అయితే నూరు లీటర్ల నీటితొట్టికి తయారీదారు ప్రయాణపు నీరని ఇరువది లీటర్లు మాత్రమే లెక్కించుట ఐరోపాలో వాడుక. యజమాని తొట్టి నిండ నీరు పట్టినంతనే ఎనుబది కిలోలు చేరి, వాహనము పరిమితిని యేబదియైదు కిలోలు దాటిపోయినది. ఎవరును ఒక్క పెద్ద వస్తువునైనను ఎక్కింపలేదు. ఇట్లు బరువు చాటుగా చేరుటయే నివాసవాహనపు లక్షణము. నాపరాయి లారీలో బరువు కంటికి కనబడును, ఇందులో కనబడదు.

మొత్తమున సరిపోయినను ఇరుసున తప్పిపోవుట ఇంతకన్న తరచు. దీనికి మీటకోల న్యాయము కారణము. ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ 3.6 మీటర్ల దూరము గల వ్యానులో, వెనుక ఇరుసునకు 1.8 మీటర్లు వెలుపలగా, వెనుక బంపరు దగ్గర, నూరు కిలోల సామాను తగిలించితిమనుకొందము. వెనుక ఇరుసుపై చేరు బరువు నూరు కాదు, నూటయేబది. ఆ అదనపు యేబదియు ముందు ఇరుసునుండి ఎత్తబడినది. అనగా ముందు చక్రములు యేబది కిలోలు తేలికపడి, స్టీరింగు పట్టు సడలును. తడిరోడ్డుపై ముందు బ్రేకుల పట్టు కూడ తగ్గును. జమ్మలమడుగు, మైలవరము దారులలో బండల ట్రాలీని లాగు ట్రాక్టరు గట్టెక్కునపుడు ముందు చక్రములు నేలవిడిచి లేచుటను చూచినవారికి ఈ న్యాయమును సూత్రములతో చెప్పనక్కరలేదు. వ్యానులో జరుగునదియు అదియే, కంటికి కనబడనంత మెల్లగా జరుగును. కావున నీటితొట్టి, బ్యాటరీలు, బియ్యపు డబ్బాలు రెండిరుసుల నడుమ, నేలకు దగ్గరగా నుండవలెను. పరుపులు, దుప్పట్లు వెనుకను, పైనను ఉండవచ్చును.

టైరు పరిమితి యజమానులు మిక్కిలి ఉపేక్షించు పరిమితి. టైరు ప్రక్కన కొలతల వెంట ముద్రింపబడిన ఒక అంకె దాని భారసూచిక. 112 అను అంకె గల టైరు, తగిన గాలితో, 1,120 కిలోలు మోయును. 104 గలది 900 కిలోలు. 121 గలది 1,450 కిలోలు. రెండు టైర్లు గల ఇరుసునకు 104 సూచిక టైర్లు తొడిగినచో ఆ ఇరుసు 1,800 కిలోలకు మించి మోయరాదు, రేకుపై 2,000 అని చెక్కబడియున్నను సరియే. దిగుమతి వాహనపు పాత టైర్లు అరిగిన తరువాత, కొలత కుదిరినదని అంగడిలో దొరికిన కారు టైర్లను వేయించుట ఇచ్చటనే ప్రమాదకరమగుచున్నది. నివాసవాహనములకై ప్రత్యేకించిన టైర్లపై కొలతతోబాటు 'సి.పి.' అను అక్షరములు కనబడును. గాలి తక్కువైనచో టైరు ప్రక్కలు మాటిమాటికి ముడుచుకొని విచ్చుకొని వేడెక్కును. నలుబది డిగ్రీలు దాటు కడప ఎండలో, కాలిన తారుపై, ఆ వేడి పగలుటకు దారితీయును.

బ్రేకుల మాట ఘాటులయందు తెలియును. కడప నుండి రాయచోటికి పోవు దారిలో గువ్వలచెరువు ఘాటు దిగుచు ప్రమాదమునకు లోనైన లారీల వార్తలు ఈ జిల్లావారు తరచు వినుచునే యుందురు. 3,500 కిలోల వాహనము రెండువందల మీటర్ల ఎత్తునుండి దిగునపుడు విడుదలయగు శక్తి, ముప్పది డిగ్రీల నీటిని ఇరువదిమూడు లీటర్లు మరిగించుటకు చాలును. ఇంజను పట్టు కొంత హరింపగా, తక్కిన వేడియంతయు బ్రేకు డ్రమ్ములు, డిస్కులే భరింపవలెను. బరువు అయిదవవంతు పెరిగినచో ఆ వేడియు అయిదవవంతు పెరుగును. బ్రేకుల పరిమాణము మాత్రము పెరుగదు. ఎక్కిన గేరులోనే దిగవలెనని పాత లారీ డ్రైవర్లు క్లీనర్లకు చెప్పు బుద్ధి ఇక్కడ అక్షరసత్యము.

దిగుమతి నియమములు సంక్షేపముగా: వాడిన వాహనము తయారై మూడేండ్లకు మించియుండరాదు, స్టీరింగు కుడివైపున నుండవలెను, వేగము కిలోమీటర్లలో చూపవలెను, దీపముల వెలుగు ఎడమవైపు నడచు దేశమునకు తగియుండవలెను. విదేశయాత్రికులు తమ నివాసవాహనములను తాత్కాలికముగా తెచ్చుటకు 'కార్నే' అను కస్టమ్సు పూచీపత్రమును వాడుదురు. దేశీయముగా నిర్మింపబడు నివాసవాహనములకు ఏ.ఐ.ఎస్. 124 అను ప్రమాణము కలదు. వ్యాను కొని తమకు తోచినట్లు లోపల గదులు కట్టించుకొనువారు చట్టపు 52వ సెక్షనును మరువరాదు. రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చుటను అది నిషేధించుచున్నది. కార్పెంటరు పనికి వాడు బరువైన ప్లైవుడ్డు, గ్రానైటు గట్టు ఇట్టి మార్పులలో తరచు చేరును; నాపరాయి చవుకగా దొరకు సీమలో వంటగట్టుకు నాపరాయియే వేయించుకొనిన వ్యానును ఊహించుట కష్టము కాదు. అంగుళము మందపు ఎనిమిది చదరపు అడుగుల గట్టు అర బస్తా సిమెంటు బరువు కాదు, నిండు బస్తా: యేబది కిలోలు.

పత్రములెన్ని చదివినను, రేకులెన్ని చూచినను, నిజము తేల్చునది కాటాయే. కడప జిల్లాలో, విశేషించి 67వ నెంబరు జాతీయ రహదారి పోవు ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మార్గమున, కాటాలకు కొరత లేదు. సిమెంటునకు, రాతికి ఏర్పడిన ఈ సౌకర్యము యాత్రికునకును ఉపకరించును. తూనికలు కొలతల శాఖ ముద్ర గల కాటాను ఎంచుకొని, ప్రయాణమునకు బయలుదేరునట్లే సర్వము ఎక్కించుకొని, ఇంధనము, నీరు, గ్యాసు నింపి, మనుష్యులందరు తమ తమ స్థానములలో కూర్చుండగా మూడు తూకములు వేయింపవలెను. మొదట నాలుగు చక్రములును పలకపై నుండగా మొత్తము. పిమ్మట వెనుక చక్రములు పలక వెలుపల సమతలమున నిలువగా ముందు ఇరుసు. ఆ తరువాత వెనుక ఇరుసు. రెండిరుసుల మొత్తము మొదటి తూకమునకు సరిపోలవలెను. పెద్ద లారీలకై నిర్మించిన కాటా అయిదు లేక పది కిలోల మెట్టుతో చూపును గనుక అంతమాత్రపు భేదము సహజము. పలకకును, దాని వెలుపలి నేలకును ఎత్తులో తేడా యున్నచో ఇరుసుల తూకము నమ్మదగినది కాదు. చీటీని రేకుతో సరిచూచి, ఏ సంఖ్య మీరినదో గుర్తించి, దానికి తగినదానిని దింపవలెను.

దింపుటలో మొదటి స్థానము నీటిది. పెమ్మసాని నాయకులు పాలించిన గండికోటకు పోవు యాత్రికులు, హైదరాబాదునుండియో బెంగుళూరునుండియో నూరు లీటర్ల నీటిని వందల కిలోమీటర్లు మోసికొని వచ్చుట చూచుచున్నాము. పెన్నాగట్టున నున్న జమ్మలమడుగునుండి గండికోటకు దూరము సుమారు పదునైదు కిలోమీటర్లు. తొట్టిలో త్రాగుటకు సరిపడు నీటిని మాత్రము ఉంచుకొని బయలుదేరి, జమ్మలమడుగులో కాటా వేయించి, చీటీ చూచుకొని, మిగిలిన పరిమితి ఎంతయో అంత నీటిని అక్కడ పట్టుకొని, ఆ పదునైదు కిలోమీటర్లు మెల్లగా పోయిన చాలును.